చెక్కినవాడి ఊరికే బందీగా వెళ్లిన బలిపీఠం

పోలండ్‌లోని క్రాకోవ్‌లో సెయింట్ మేరీ చర్చి చూడాలనుకుంటే పదకొండున్నరకల్లా లోపల ఉండండి. 11:50కి బలిపీఠం మీది చెక్క తలుపులు తెరుస్తారు. ఆలస్యమైతే ముందువారి తలలే దర్శనమిస్తాయి. పెద్ద ద్వారం ప్రార్థనకు వచ్చేవారిది. మనకు పక్క ద్వారం, టికెట్ దాని ఎదుటి భవనంలో. తెలియక రెండు వరుసల్లో నిలబడి వచ్చాను.

బలిపీఠం దాదాపు 13 మీటర్ల ఎత్తు. నడుమ, ప్రాణం పోతూ ఒరిగిపోతున్న మరియమ్మ, ఆమెను పట్టుకున్న అపొస్తలులు. ఒక్కొక్కరూ మనకంటే పొడవు. చేతుల మీద ఉబ్బిన నరాలు చూశాక అది లిండెన్ చెక్కంటే నమ్మబుద్ధి కాలేదు.

చెక్కినవాడు ఫైట్ ష్టోస్. 1477లో జర్మనీలోని న్యూరెంబర్గ్ పౌరసత్వం వదులుకుని వచ్చి, 1489కి దీన్ని పూర్తిచేశాడు. ఆ పుట్టుపూర్వోత్తరాలే తరువాత దీని ప్రాణం మీదికి తెచ్చాయి. శిల్పి జర్మన్ కాబట్టి శిల్పమూ తమదేనని నాజీలు ఊడదీసి న్యూరెంబర్గ్‌కు పట్టుకుపోయారు. నేనూ అటే బయలుదేరాను.

అన్నట్టు, క్రాకోవ్‌లో చౌరస్తా మీదికి కిటికీ ఉన్న గది తీసుకోవద్దు. ఇదే చర్చి గోపురం నుంచి గంటగంటకూ బాకా ఊదుతారు, రాత్రంతా కూడా. పగలు ముచ్చటేస్తుంది, మూడింటికి కాదు. లిఫ్టు లేని మూడో అంతస్తుకు అంత అద్దె అన్యాయం. బంగాళదుంప, జున్ను కూరిన పియెరోగీ మాత్రం శాకాహారులను ఆదుకుంటుంది.

న్యూరెంబర్గ్‌లో కోట కింది రాతిలో పూర్వం బీరు దాచుకోవడానికి తొలిచిన నేలమాళిగలు ఉన్నాయి. యుద్ధకాలంలో బలిపీఠం ఉన్నది అక్కడే. గైడు వెంటే వెళ్లాలి, వేసవిలోనూ స్వెట్టర్ తప్పదు. మా గైడు జర్మన్‌లోనే చెప్పాడు. అయినా నా ప్రయాణంలో డబ్బుకు తగిన విలువ దక్కింది ఇక్కడే. పైన పాత నగరం బాంబులకు కూలిపోతుంటే లోపలివి చెక్కుచెదరలేదు. 1946లో బలిపీఠం పోలండ్ చేరింది, చర్చిలో తన చోటికి మాత్రం 1957లో.

ష్టోస్ కూడా 1496లో న్యూరెంబర్గ్‌కే తిరిగి వచ్చాడు. 1503లో పత్రం ఫోర్జరీ చేసి దొరికిపోతే రెండు చెంపలకూ వాతలు పెట్టారు. ఆ చెంపలతోనే చెక్కిన దేవదూత, మరియమ్మ సెయింట్ లోరెంజ్ చర్చిలో గాలిలో వేలాడుతుంటారు. 1817లో కింద పడి ముక్కలైతే అతికించారట. కింద నిలబడి అతుకులు వెతికాను, కనబడలేదు.