హ్యాండిల్ పట్టుకునే చలి కాచుకోవచ్చు: నాలుగు చలికాలాలు వాడిన హీటెడ్ గ్రిప్పుల కథ

ఎండలు తగ్గి, పొద్దున పూట మంచు పట్టడం మొదలైందంటే నా మనసు శనివారం మీదే ఉంటుంది. హెల్మెట్‌లో చెమట పట్టదు, ట్రాఫిక్‌లో ఇంజిన్ సెగ కాళ్లకి కొట్టదు, మధ్యాహ్నం ఎండలో కూడా హాయిగా వెళ్లొచ్చు. బాధల్లా వేళ్లతోనే. ఒంటికి ఎన్ని పొరలైనా వేసుకోవచ్చు. చేతులకి రెండు జతల గ్లవ్స్ తొడిగితే మాత్రం క్లచ్ సరిగ్గా అందదు, ఇండికేటర్ బటన్ ఎక్కడుందో తెలియదు.

అయిదేళ్ల కిందట ఒక ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరాను. గంట తర్వాత బండి ఆపి తాళంచెవి తీయబోతే బొటనవేలూ చూపుడువేలూ దాన్ని పట్టుకోలేకపోయాయి. వేళ్లు కొంకర్లు పోయాయి. హెల్మెట్ స్ట్రాప్ కూడా వేరేవాళ్లు విప్పాల్సి వచ్చింది. సిగ్గు సంగతి సరే, ఇంత మొద్దుబారిన వేళ్లతో గంటసేపు బ్రేకు ఎలా పట్టానా అని తర్వాత భయమేసింది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైనా ఎనిమిది మీటర్లు పోయినట్టే. మరుసటి ఏడు చలి మొదలవకముందే హీటెడ్ గ్రిప్పులు, అంటే కరెంటుతో వెచ్చబడే హ్యాండిల్ పిడులు, పెట్టించుకున్నాను. ఇప్పటికి నాలుగు చలికాలాలు గడిచాయి, అయిదోది మొదలవుతోంది.

అసలు అంత చలి ఎక్కడిది అంటారేమో. థర్మామీటర్‌లో 10 డిగ్రీలుంటే ఒక స్వెట్టర్‌తో నడిచి వెళ్లిపోతాం. బండి మీద లెక్క వేరు. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ (గాలి వల్ల చలి ఎంత పెరిగినట్టు అనిపిస్తుందో చెప్పే లెక్క) సూత్రం ప్రకారం, 10 డిగ్రీల్లో 60 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 5 డిగ్రీల్లా అనిపిస్తుంది. బయట 5 డిగ్రీలుండి మీరు 80లో వెళ్తుంటే సున్నా కిందికే. ఆ గాలి మొదట కొట్టేది హ్యాండిల్ మీదున్న వేళ్లనే.

నేను కొన్న సెట్ ఫుల్‌లో పెడితే 36 వాట్లు లాగుతుంది. అంటే 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు. అయిదు లెవెల్స్ ఉన్నాయి, నాకు ఎక్కువగా పనికొచ్చేది మూడోది. బయల్దేరగానే అయిదులో పెట్టి, అరచేయి వెచ్చబడగానే తగ్గించేస్తాను. అలాగే అయిదులో ఉంచితే పల్చటి గ్లవ్స్‌లోంచి చురుక్కుమంటుంది.

మొదటివారంలోనే ఒక వింత గమనించాను. రెండు గ్రిప్పులూ ఒకే లెవెల్‌లో ఉన్నా కుడిచేయి వెచ్చగా, ఎడమచేయి గోరువెచ్చగా ఉండేది. పీస్ పాడైందనుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నా. తీరా చూస్తే తప్పు గ్రిప్పుది కాదు. కుడి గ్రిప్పు కింద యాక్సిలరేటర్ తిప్పే ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అది వేడిని లోపలికి పోనివ్వదు. ఎడమది నేరుగా ఇనుప హ్యాండిల్ మీదే కూర్చుంటుంది, చాలా వేడిని ఆ ఇనుమే పీల్చేసుకుంటుంది. కొన్ని కంపెనీలు దీనికోసమే ఎడమ వైపు కాస్త ఎక్కువ వాట్లు ఇస్తాయి. నా సెట్‌లో ఆ ఏర్పాటు లేదు. అందుకని గ్రిప్పు ఊడబీకి, హ్యాండిల్ మీద వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబ్ ఒక పొర ఎక్కించి మళ్లీ బిగించాం. తేడా ఆ రోజే తెలిసింది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఇది ముందే చేయించుకోండి, గ్రిప్పుని అతికించే ఎపాక్సీ జిగురు ఆరాక దాన్ని ఊడదీయడం నరకం. చలిలో ఎపాక్సీ త్వరగా ఆరదు కూడా. ఆ రాత్రి బండిని లోపలే పెట్టండి.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. మొదట్లో వైర్లు నేరుగా బ్యాటరీకే ఇచ్చేశాను, సులువుగా అయిపోతుందని. ఒక శనివారం కొండ మీద వ్యూ పాయింట్ దగ్గర ఆగి, స్విచ్ ఆపడం మరిచిపోయి, రెండు గంటలు తిరిగొచ్చాను. గ్రిప్పులు మాత్రం శుభ్రంగా వెచ్చగా ఉన్నాయి. స్టార్టర్ నొక్కితే టిక్ టిక్ తప్ప ఇంకేం లేదు. నాది 9 ఆంపియర్ అవర్ బ్యాటరీ. అందులోంచి గంటకి మూడు చొప్పున ఆరు పోయాక చలిలో స్టార్టర్ తిప్పే బలం దానికెక్కడిది? అదృష్టం కొద్దీ దిగుడు రోడ్డు, రెండో గేర్‌లో తోసి స్టార్ట్ చేశాం. ఆ సోమవారమే రిలే, అంటే దానంతటదే పనిచేసే స్విచ్, పెట్టించాను. తాళంచెవి తిప్పితేనే కరెంటు వస్తుంది, తీస్తే పోతుంది. చిన్న ఇంజిన్ బండి అయితే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది) ఇచ్చే కరెంటు తక్కువ. హెడ్‌లైటు, గ్రిప్పులు కలిసి దానికి మించి లాగితే మిగతాది బ్యాటరీలోంచే పోతుంది. నేను ఎక్కువసేపు ఆగాల్సి వస్తే ఒకటో లెవెల్‌కి దించేస్తాను.

మూడో చలికాలంలో కుడివైపు గ్రిప్పు ఉన్నట్టుండి చల్లబడిపోయింది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా ఆ వైరు వంగుతుంది కదా, గ్రిప్పు మొదట్లోనే లోపల తెగింది. సోల్డరింగ్ చేసి, ఈసారి వైరుకి కాస్త వదులు ఇచ్చి చుట్ట తిప్పాం. మరీ బిగుతుగా ఉంటే తెగుతుంది, మరీ వదులైతే ఎక్కడో చిక్కుకుని యాక్సిలరేటర్ వెనక్కి రాదు. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, వదిలితే టక్కున వెనక్కి వస్తోందా లేదా చూసుకున్నాకే రోడ్డెక్కాలి. ఇది కాక స్విచ్ మీద రబ్బరు తొడుగు పగిలింది, వానలో భయంగానే ఉంది. ఎడమ అరచేయి ఆనే చోట గ్రిప్పు మీది గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. గ్రిప్పు మామూలుదానికంటే లావు కూడా. నాకు అలవాటైంది గానీ చిన్న చేతులవాళ్లకి మణికట్టు లాగుతుంది.

అన్నిటికంటే పెద్ద లోటు వేరే ఉంది. గ్రిప్పులు అరచేతికి సెగ ఇస్తాయి, గాలి కొట్టేది వేళ్ల వెనక. మొదటి ఏడాది నా చేతులు ఒకవైపు కాలిన రొట్టెలా ఉండేవి. లావుపాటి గ్లవ్స్ వేస్తే అరచేయి వైపు దూది వేడిని ఆపేస్తుంది, పల్చటివి వేస్తే వెనక గాలి దూరుతుంది. వేళ్ల ముందు గాలికి అడ్డుగా ఉండే హ్యాండ్‌గార్డులు పెట్టాకే ఈ గొడవ తీరింది. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు హ్యాండ్‌గార్డులే కొనండి, గ్రిప్పులు తర్వాత. గ్లవ్స్ అరచేయి పల్చగా, వెనక గాలి చొరబడనట్టు ఉన్నవి చూసుకోండి. హ్యాండిల్‌కి తొడిగే పెద్ద సంచుల్లాంటి కవర్లు వీటన్నిటికంటే వెచ్చగా ఉంటాయని ఒప్పుకుంటాను, కాకపోతే వాటిలో చేతులు పెడితే స్విచ్‌లు కనబడవు. చూడ్డానికి కూడా బండికి బొంత కప్పినట్టుంటుంది.

ఛాతీకి చలి పట్టిన రోజు గ్రిప్పులు అయిదులో ఉన్నా వేళ్లు చల్లగానే ఉంటాయి. ఒంట్లో వేడి తగ్గితే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తుల సంగతి చూసుకుని చేతులకి రక్తం తగ్గించేస్తుంది. ఇది తెలిశాక జాకెట్ లోపలి లైనర్ వేసుకోకుండా బయల్దేరడం మానేశాను.

గ్రిప్పులతో సంబంధం లేకపోయినా ఒక మాట. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో గాలి కొట్టించిన టైరు, తెల్లవారి 10 డిగ్రీల్లో దాదాపు 3 పీఎస్ఐ తగ్గి ఉంటుంది. తడిసిన రాలుటాకుల మీద మలుపు తిరిగేటప్పుడు అది తెలిసొస్తుంది.

మళ్లీ కొంటానా? కొంటాను. చలి మొదలైన ఆదివారాల్లో ఇదివరకు గంటకోసారి ఆగేవాణ్ణి, ఇప్పుడు రెండు గంటలు ఏకబిగిన వెళ్తున్నాను. దిగాక తాళంచెవి నేనే తీస్తున్నాను.

వెనక కూర్చునే మా ఆవిడకి మాత్రం ఈ సమీక్షతో పనిలేదు. "మీకైతే హీటరు పెట్టుకున్నారు, నాకేదీ?" అని మొదటి ఏడు నుంచీ అడుగుతూనే ఉంది. హీటెడ్ జాకెట్ గ్రిప్పులకి రెట్టింపు దాకా కరెంటు లాగుతుంది, నా బండి భరిస్తుందా అని ఈ వారమే బ్యాటరీకి వోల్ట్‌మీటర్ తగిలించాను. అంతదాకా ఆవిడ చేతులు నా జాకెట్ జేబుల్లోనే.