కర్నూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ క్యాంపు: 4 స్టార్లు, ఐదోది కోచ్ మేడమ్ ఉంటేనే

మా పాప ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా పొద్దున 5:30కి సి.క్యాంపు ఏరియా నుంచి స్కూటీ మీద తీసుకెళ్లి దింపి, ఏడున్నరకు మళ్లీ తెచ్చుకుంటున్నా. కోచ్ మేడమ్ జీతం, ఒప్పందం గురించి ఒక గొడవ ఇంకా తేలలేదు, దాని గురించి క్యాంపు వాళ్లతో ముఖాముఖి మాట్లాడుతున్నాం, అందుకే క్యాంపు పేరు రాయట్లేదు. పిల్లల్ని ఫుట్‌బాల్‌కు పంపాలనుకునే అమ్మానాన్నలు ఎక్కడ చేర్పించినా ఇందులో పనికొచ్చే మాటలు ఉంటాయనే రాస్తున్నా.

ఫీజు నెలకు 1,200. గ్రౌండ్ మట్టిది, గేటు వైపు మూలలో కంకర పైకి తేలి ఉంటుంది, అక్కడ పడితే మోకాలు చెక్కుకుపోవడమే. ఎన్నిసార్లు చెప్పినా ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి తోలించలేదు. బంతులు ఇద్దరికి ఒకటి చొప్పున ఉన్నాయి, గాలి సరిగానే పెడతారు. షూస్, షిన్ గార్డులు (దెబ్బ తగలకుండా మోకాలి కింద ముందువైపు కట్టుకునేవి) మనమే కొనాలి. తాగే నీళ్లు ఉన్నాయి. ఆడపిల్లలకు బాత్రూమ్ ఉంది గానీ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండేది, అడగడానికి సిగ్గుపడి పిల్లలు నీళ్లు తాగడమే మానేసేవాళ్లు. ఇప్పుడున్న మేడమ్ వచ్చిన రెండో రోజే ఆ తాళంచెవి తీసుకుని తన విజిల్ తాడుకు కట్టుకుంది. ఇప్పటికీ అక్కడే వేలాడుతుంటుంది. ఎవరికి కావాలన్నా పక్కకొచ్చి నిలబడితే చాలు, ఏమీ అడక్కుండానే తీసి చేతిలో పెడుతుంది. ఆ ఒక్క పనికే ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉంటా.

ఆమె రాకముందు ఎనిమిది నెలల్లో ముగ్గురు కోచ్‌లు మారారు. మొదటాయన మా పాప బాగా ఉరుకుతుందని ఎడమ వింగ్‌లో, అంటే గ్రౌండ్ ఎడమ అంచు వైపు ఆడించాడు. రెండో ఆయన పొడుగుందని గోల్‌కీపర్ గ్లవ్స్ తొడిగాడు. మూడో ఆయన వెనక నిలబడి బంతి వస్తే ఎత్తి కొట్టమన్నాడు, అంతకుముందు నేర్చుకున్న చిన్న పాస్‌లన్నీ మర్చిపొమ్మన్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, కానీ పిల్లల పేర్లు నోటికి వచ్చేలోపే వెళ్లిపోయారు. 22 మంది ఉన్న బ్యాచ్ 9 మందికి పడిపోయింది. ఆ ఏడాది ఒక స్కూల్ టీమ్‌తో ఆడి 0–6తో ఓడి వచ్చి, ఆ రాత్రి పాప అన్నం ముట్టలేదు.

మేడమ్ వచ్చి 16 నెలలైంది. మొదటి రెండు వారాలు మ్యాచ్ అన్న మాటే లేదు. ఒక పాప పాస్ కొడుతుంటే, అందుకునే పాప వెనకాల మేడమ్ నిలబడి చేతి వేళ్లు చూపిస్తుంది, మూడో, నాలుగో. బంతి కాలికి తగిలేలోపు పాప భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి ఆ అంకె గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ మొదటి నుంచి. "బంతి ఎటూ నీ దగ్గరికే వస్తుంది పాపా, నీ వెనక ఎవరున్నారో అది ముందు చూసుకో" అంటుంది. రోజుకు వంద సార్లైనా చేయించి ఉంటుంది. మొన్న బళ్లారి చౌరస్తాలో రోడ్డు దాటుతుంటే మా పాప అలాగే భుజం మీదుగా చూసి నా చెయ్యి పట్టి ఆపింది, వెనక నుంచి ఆటో వస్తోంది.

ఇంకోటి, మోకాళ్లు. ఆటల్లో మోకాలి లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగే ప్రమాదం మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఎక్కువ. మేడమ్ రోజూ ఫిఫా 11 ప్లస్ అనే వామప్ 20 నిమిషాలు చేయిస్తుంది, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకూడదని ఒక్కొక్కరి ముందు కూర్చుని చూస్తుంది. నెలసరి రోజుల్లో పిల్లలు ఆమెకు చెప్పుకుంటారు, ఆ రోజు పని తగ్గిస్తుంది. బ్యాచ్ ఇప్పుడు 26 మంది. డిసెంబర్‌లో ఆ స్కూల్ టీమ్‌నే 2–1తో ఓడించారు. ఆ రోజు అందరికీ ఉగ్గాని, బజ్జీ మేడమ్ సొంత డబ్బుతో పెట్టించింది, మేము ఎంత వారించినా వినలేదు.

ఇంత చేసిన మనిషికి క్యాంపు ఇచ్చేది పది నెలల జీతం. ఎండాకాలం రెండు నెలలు సెలవని ఏమీ ఇవ్వరు. ఒప్పందం కాగితం కూడా లేదు. బెంగళూరులో ఒక స్కూల్ వాళ్లు పన్నెండు నెలల జీతం, ఉండటానికి గది ఇస్తామని పిలిచారట. తల్లిదండ్రులం వెళ్లి అడిగితే, "ఆమె పోతే ఇంకొకరు వస్తారమ్మా, నేర్పేది అదే కదా" అన్నారు క్యాంపు వాళ్లు. ఆ మాట విని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

నేర్పేది అదే కాదండీ. మన దేశం టీమ్‌నే చూడండి. 2024 మొదటి నుంచి 2025 మొదటిదాకా ఏడాది తిరిగేసరికి మన మహిళల జట్టుకు చావోబా దేవి, సంతోష్ కశ్యప్, జోకిమ్ అలెగ్జాండర్సన్, క్రిస్పిన్ ఛెత్రి అని నలుగురు కోచ్‌లు. మా పాప ఎనిమిది నెలల్లో పడిన అవస్థే ఆ అమ్మాయిలూ పడి ఉంటారు కదా. అయినా ఛెత్రి చేతిలో కుదురుకుని, 2025 జూలై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో థాయ్‌లాండ్‌నే 2–1తో ఓడించారు, రెండు గోల్స్ సంగీతా బస్ఫోర్‌వే. క్వాలిఫయర్స్ (అర్హత మ్యాచ్‌లు) గెలిచి ఆసియా కప్‌కు చేరడం మన మహిళలకు అదే మొదటిసారి. మన తెలుగమ్మాయి, నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య ఆ జట్టులో ఉంది. పాప గదిలో ఆమె ఫోటో ఉంది.

ఇంగ్లాండ్ వాళ్లు ఏం చేశారో చూడండి. కోచ్ సరీనా వీగ్‌మన్ నెదర్లాండ్స్ మహిళల జట్టుకు 2017లో యూరో, అంటే యూరప్ దేశాల కప్, గెలిపించి, 2019లో ప్రపంచ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన మనిషి. 2021లో ఇంగ్లాండ్‌కు వచ్చింది, 2022లో యూరో గెలిపించింది, ఆ టోర్నీలో ప్రతి మ్యాచ్‌నూ అదే పదకొండు మందితో మొదలుపెట్టింది. 2023 ప్రపంచ కప్ ఫైనల్‌లో స్పెయిన్ చేతిలో 0–1తో ఓడిపోయారు. ఓడినా ఆమెను కదపలేదు, 2027 దాకా ఒప్పందం రాసుకున్నారు. 2025లో అదే స్పెయిన్‌ను ఫైనల్‌లో పెనాల్టీల్లో ఓడించి మళ్లీ యూరో గెలిచారు. అంత పెద్ద దేశానికి డబ్బుకు కొదవా, కొత్త కోచ్ దొరకరా? అయినా ఉన్నామెను పోనివ్వలేదు.

గెలిపించిన వాళ్లందర్నీ ఉంచుకోవాల్సిందే అని కూడా నేను అనను. స్పెయిన్‌కు 2023 ఆగస్టులో ప్రపంచ కప్ తెచ్చిన కోచ్ హోర్హె విల్దాను సెప్టెంబర్‌లోనే తీసేశారు. అంతకు ఏడాది ముందే 15 మంది ఆటగాళ్లు ఈ పరిస్థితుల్లో ఆడలేమని వాళ్ల సమాఖ్యకు రాశారు. కప్పు ఒక్కటే చూస్తే సరిపోదు, అమ్మాయిలు ఆ మనిషి దగ్గర ఎలా ఉంటున్నారో చూడాలి. మా మేడమ్ విషయంలో ఆ సందేహం ఎవరికైనా ఉంటే ఒక పొద్దున వచ్చి గేటు దగ్గర నిలబడండి. ఆమె బండి చప్పుడు వినగానే పిల్లలు ఎలా పరుగెత్తుతారో చూడండి.

తల్లిదండ్రులం 19 మంది సంతకాలు పెట్టి క్యాంపు వాళ్లకు అర్జీ ఇచ్చాం. అడిగింది ఇవే: పన్నెండు నెలల జీతం, రెండేళ్ల ఒప్పందం కాగితం మీద, కనీసం ఒక అసిస్టెంట్. దీనికోసం నెలకు 200 ఎక్కువ కట్టడానికి కూడా ఒప్పుకున్నాం. ఆ ఇళ్లలో రోజు కూలికి వెళ్లేవాళ్లు ముగ్గురు ఉన్నారు, వాళ్లే ముందు సంతకం పెట్టారు. వాళ్ల వంతు మిగతావాళ్లం కడతామన్నా ఒప్పుకోలేదు.

కొత్తగా చేర్పించాలనుకునేవాళ్లు ఏ క్యాంపులోనైనా డబ్బు కట్టేముందు కోచ్ ఎవరు, ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, వచ్చే ఏడాది ఉంటారా అని అడగండి. మా అర్జీకి జవాబు వచ్చే నెల మొదటి వారంలో చెప్తామన్నారు క్యాంపు వాళ్లు. మేడమ్ ఉంటే ఐదో స్టార్ ఆ రోజే వేస్తా, కంకర అలాగే ఉన్నా సరే.