ఋషికుల్య మొగ దగ్గర రెండు తెల్లవారుజాములు

బరంపురంలో మా మేనత్తావాళ్ళు ఉంటారు కాబట్టి గంజాం జిల్లా నాకు కొత్త కాదు. వెళ్ళడం, అప్పడాలూ పట్టుచీరలూ కొనుక్కోవడం, గోపాల్‌పూర్ బీచిలో ఒక సాయంత్రం కూర్చోవడం, వచ్చెయ్యడం. ఇన్నేళ్ళూ ఇంతే. అక్కడికి గంట లోపు దూరంలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, లక్షల ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ళు గుడ్లు పెడతాయని తెలిసీ ఒక్కసారీ వెళ్ళలేదు. 2025 ఏప్రిల్ మొదటి వారంలో మా ఆయనా, పదేళ్ళ మా వాడూ, నేనూ విశాఖలో రైలెక్కాం.

ఫిబ్రవరిలో వెళ్ళాల్సింది కదా అని చాలామంది అన్నారు. తల్లి తాబేళ్ళు వచ్చేది అప్పుడే, నిజమే. కానీ అవి ఏ రాత్రి వస్తాయో ఎవరూ చెప్పలేరు. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి, 2024లో గుంపుగా రానే లేదు, 2025లో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి. లీవు పెట్టి, టికెట్లు కొనుక్కుని వెళ్ళేవాళ్ళకి ఇది లాటరీ. పైగా ఆ రోజుల్లో అటవీశాఖవాళ్ళు జనాన్ని గుడ్ల దాకా పోనివ్వరు, పోనివ్వకపోవడమే న్యాయం. తాబేలు పిల్లల సంగతి వేరు. గుడ్డు పెట్టిన నలభై అయిదు, యాభై రోజులకి పొదుగుతుంది. ఫిబ్రవరి రెండో సగంలో పెట్టాయని పేపర్లో చదివి, వేళ్ళ మీద లెక్క పెట్టుకుని టికెట్లు తీసుకున్నాం.

మొదటి రాత్రి గోపాల్‌పూర్‌లో సముద్రం ఎదురుగా ఒక హోటల్లో దిగాం. గది బాగుంది, రొయ్యల వేపుడు ఇంకా బాగుంది. కానీ మా పనికి పనికిరాని చోటు. తెల్లవారుజామున మూడింటికి బండి కావాలంటే రిసెప్షన్‌లో కుర్రాడు మమ్మల్ని అనుమానంగా చూశాడు. చివరికి దొరికిన ఆటో అతను రానూపోనూ మాట్లాడుకుని, అక్కడ దింపాక వెయిటింగ్ వేరే అన్నాడు. రెండో రోజు ఛత్రపూర్‌లో ఒక మామూలు లాడ్జికి మారాం. దుప్పట్లు మేమే తీసుకెళ్ళి ఉంటే బాగుండేది. అయితే బీచి దగ్గర, టీ కొట్టు నాలుగింటికే తెరుస్తారు. తాబేళ్ళ కోసమే వెళ్తే నా ఓటు ఛత్రపూర్‌కే. పెద్దవాళ్ళతో, హాయిగా తిని కూర్చోవడానికైతే గోపాల్‌పూర్.

ఋషికుల్య మొగ దగ్గరి పురుణబంధ ఊళ్ళోకి వెళ్ళి అడిగితే దారి చూపించడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఈ ఊళ్ళ కుర్రాళ్ళు చాలా ఏళ్ళుగా కమిటీగా ఏర్పడి రాత్రుళ్ళు కాపలా కాస్తున్నారు. ఈ తీరాన్ని 1994లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బయటి లోకానికి చెప్పారు. ఊరివాళ్ళకి అంతకుముందే తెలుసు, వాళ్ళనెవరూ అడగలేదంతే. ఒడిశాలోనే తాబేళ్ళు వచ్చే ఇంకో తీరం గహిర్‌మథాలాగా దీన్ని అభయారణ్యంగా ప్రకటించలేదు. అంటే కంచె, గేటు, టికెట్ లేని చోట కాపలా ఎక్కువగా ఈ చెప్పుల్లేని కుర్రాళ్ళదే. గుడ్లున్న ఇసుక చుట్టూ వలకట్టి ఉంది, కుక్కలూ నక్కలూ రాకుండా. వాళ్ళ టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి ఉంది.

ఇసుక మీద మొదట ఏమీ కనపడలేదు. మా వాడి కాలి పక్కన చిన్న గుంట పడింది. గుంట మధ్యలోంచి ముందు ఒక మూతి, తర్వాత బొటనవేలంత రెక్క. రెండు నిమిషాల్లో మూరెడు లోతులోంచి డజను పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పైకి వచ్చేశాయి. ఒకటి ఎవరిదో అడుగు గుర్తులో పడింది. దానికి అది బావి. ఎక్కుతుంది, జారుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మా వాడు చెయ్యి పెట్టబోతే కుర్రాడు ఆపి, గుంట అంచుని వేలితో కొంచెం చదును చేశాడు. అది ఎక్కి, ఆగకుండా నీళ్ళవైపు పోయింది.

ఇంతలో కాస్త దూరంలో ఏదో కుటుంబం ఫోన్ ఫ్లాష్ వేసింది. అంతే, సముద్రం వైపు పోతున్నవి కొన్ని వెనక్కి తిరిగాయి. నీటి మీద ఉండే వెలుతురుని చూసి దారి పట్టే పిల్లలు ఇవి, ఎక్కడ ఎక్కువ వెలుగు ఉంటే అటే. వెనకాల రోడ్డు దీపాలూ, ఫ్యాక్టరీల వెలుగూ ఎలాగూ ఉన్నాయి. "లైటు ఆపీ బాబూ! పిల్లలు ఇటొచ్చీస్తాయి!" అని ఒక ముసలామె గట్టిగా కేకేసింది. ఒడియా తీరంలో అచ్చం మా శ్రీకాకుళం యాస విని నేను ఉలిక్కిపడ్డాను. కుర్రాళ్ళు దారి తప్పినవాటిని బకెట్లో ఏరి, నీటి అంచున వదిలిపెట్టారు.

ఒడియావాళ్ళు నోలియాలనే ఈ జాలర్లలో చాలామంది ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. 1936 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా. ఆ కేకేసిన మామ్మ వాళ్ళింటి దగ్గర టీ తాగుతూ ఆమె కొడుకుని అడిగాను, తాబేళ్ళ వల్ల మీకు నష్టం కాదా అని. నదుల మొగల దగ్గర 20 కి.మీ. లోపల నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట బంద్. దాని మీద ఏప్రిల్ 15 నుంచి తూర్పుతీరమంతటికీ 61 రోజుల నిషేధం. ఆయన నవ్వాడు. "కూర్మావతారం మీద కోపమేటమ్మా. కోపం ట్రాలర్ల మీద." తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాలు వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. తాబేలు తప్పించుకునేలా వలకి జల్లెడ బిగించమంటే పెద్ద పడవలవాళ్ళు చేపలు పోతాయని బిగించరట. "మేం తెప్ప కట్టేసుకుని కూకుంటే వాళ్ళు రాత్రి వచ్చి ఊడ్చుకుపోతారు. సాయం డబ్బులు వస్తాయి, వచ్చినప్పుడు." ఆ చివరి మాట దగ్గర నవ్వు లేదు.

మామ్మ శ్రీకూర్మం గుడిలో తాబేళ్ళని చిన్నప్పుడు చూసిందట. అక్కడివి నేల తాబేళ్ళు మామ్మా, ఇవి సముద్రానివి అంటే, అన్నీ ఆయనే అంది. వాదించలేదు.

అదే తీరంలో పోడంపేట అనే ఊరు ఉంది. సముద్రం కోసుకుంటూ వచ్చి ఇళ్ళని మింగేసింది, జనం వేరే చోటికి మారారు. గోడలు ఇసుకలో ఒరిగి ఉన్నాయి. దూరంనుంచి చూసి వచ్చేశాం, ఫోటోలు తియ్యబుద్ధి కాలేదు.

మూడో రోజు రంభ వెళ్ళాం, చిలికా సరస్సులో పడవ కోసం. ఏప్రిల్‌లో వలస పక్షులు ఉండవని ముందే ఆలోచించుకోవాల్సింది, తప్పు మాదే. పడవ రేటు ఎక్కకముందే మాట్లాడుకోండి.

నాలుగో రోజు సాయంత్రం కృష్ణజింకల ఊరు భేత్‌నయి. బరంపురం నుంచి కార్లో గంటన్నర పైగా పట్టింది. కృష్ణజింకలు వరి మళ్ళ మధ్య మేకల్లా తిరుగుతుంటాయి. ఇక్కడా గేటూ టికెట్టూ లేవు. అవి ఉంటేనే వానలు, పంటలు అని ఊరివాళ్ళ నమ్మకం, చేను మేసినా తరమరు. మా చిత్తూరు స్నేహితురాలు ఏనుగుల గొడవ చెప్తుంటే వింటాను కదా, నాకు ఇది వింతగానే ఉంది. ఒక రైతుని అడిగితే నష్టం ఉంది, ఏం చేస్తాం అన్నాడు. అంటే భక్తి ఒక్కటే కాదు, ఓర్పు కూడా. అక్కడ టీ కూడా దొరకదు, నీళ్ళు మీరే పట్టుకెళ్ళాలి. చీకటి పడకముందే బయల్దేరండి.

ఖర్చు పెట్టి వెళ్తే దేనికి వెళ్ళాలి అంటే పురుణబంధకి. ఊరి కుర్రాడినే తోడు తీసుకోండి. మాకు మొదటి రోజు సిటీ నుంచి వచ్చిన ఒక ట్రావెల్స్ గైడు తగిలాడు, వాడే అందరికంటే ముందు పిల్లల్ని చేతిలో పెట్టి సెల్ఫీలు తీయించాడు. వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జీవి, పట్టుకుంటే కేసు అని తెలియక కాదు. మాకు దారి చూపిన ఊరి కుర్రాడు డబ్బు వద్దన్నాడు, కమిటీకి ఇమ్మన్నాడు. ఇచ్చాం.

బయల్దేరేటప్పుడు మామ్మ ఎండు నెత్తళ్ళు అరకిలో కొలిచి, ఇంకో గుప్పెడు కొసరేసి పేపర్లో చుట్టింది. దాని మీద రెండు కవర్లు కట్టినా లాభం లేకపోయింది. పక్క బెర్తు ఆయన పలాస దాకా ముక్కు మూసుకునే ఉన్నాడు.