ఈ-సిగరెట్: నిషేధమా, షరతులతో అమ్మకమా, మందుల షాపా? యువతకు ఏది మేలు?

నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చుకునే పరికరాలైన ఈ-సిగరెట్ల (వీటినే వేప్‌లంటారు) విషయంలో ఏది మేలో చెప్పాలంటే, ఎవరికి మేలన్నది ముందు తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి రోజుకొక పెట్టె కాల్చి, మానలేక అవస్థపడుతున్న నలభై ఏళ్ల మనిషికి ఉపకరించే వస్తువే, ఎన్నడూ పొగ ముట్టని పంతొమ్మిదేళ్ల విద్యార్థికి కొత్త వ్యసనాన్ని అంటగట్టవచ్చు. 2019లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో, సిగరెట్ మానాలనుకుని ఈ-సిగరెట్ పట్టినవారిలో 18 శాతం మంది ఏడాది తరువాత కూడా సిగరెట్‌కు దూరంగా ఉండగా, నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునే పట్టీ), చూయింగ్ గమ్ వంటివి వాడినవారిలో 9.9 శాతం మందే అలా ఉండగలిగారు. అయితే ఈ-సిగరెట్‌తో మానినవారిలో 80 శాతం మంది అప్పటికీ దాన్ని పీలుస్తూనే ఉన్నారు. యువత గురించి ఆలోచించేటప్పుడు నన్ను కలవరపెట్టేది ఈ చివరి అంకె.

మూడు దేశాలు మూడు దారులు పట్టాయి. భారతదేశం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, డిసెంబరులో చట్టంతో తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలన్నిటినీ నిషేధించింది. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బ్రిటన్ 18 ఏళ్లు నిండినవారికి షరతులతో అమ్మనిస్తోంది. ఆస్ట్రేలియా 2024 జులై నుంచి మందుల షాపులకే పరిమితం చేసింది.

వీటిని తూచాలంటే, అసలు యువతను ఇటు లాగుతున్నదేమిటో చూడాలి. స్నేహితుల చేతిలో చూడడం, చదువు ఒత్తిడి, ఇది ఉత్త ఆవిరే కదా అన్న నమ్మకం, ఇవన్నీ ఉన్నాయి. వీటికన్నా లోతైన కారణం వస్తువు తయారీలోనే ఉందని నా అభిప్రాయం. మామూలు సిగరెట్ తొలి దమ్ముకే దగ్గు తెప్పిస్తుంది. ఆ దగ్గు ఎందరినో అక్కడే ఆపింది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ వంటి పరికరాలు నికోటిన్‌కు ఒక ఆమ్లాన్ని చేర్చి లవణంగా మార్చడంతో గొంతు మంట తగ్గిపోయింది, మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ కూడా మెత్తగా లోపలికి దిగింది. దానికి మామిడి, పుదీనా రుచులు తోడయ్యాయి. పెన్‌డ్రైవ్ అంత ఉండి, చొక్కాకు పొగ వాసన అంటించని ఆ పరికరం ఇంట్లో అమ్మానాన్నల కంట కూడా పడదు. 2019 నాటికి అక్కడి హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది వాడుతున్నారంటే ఆశ్చర్యమేముంది?

ఈ మెత్తదనానికి పగ్గం వేసిన దేశం బ్రిటన్. అక్కడ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. రుచులనూ రంగులనూ మాత్రం వదిలేయడంతో, వాడి పారేసే చవక వేప్‌లు కుర్రకారు చేతుల్లోకి చేరాయి. చివరకు 2025 జూన్ 1న వాటిని నిషేధించవలసి వచ్చింది. అమెరికా 2020లో రుచుల క్యాట్రిడ్జ్‌లను (పరికరంలో అమర్చే ద్రవపు గొట్టాలను) ఆపి, వాడి పారేసేవాటిని వదిలిపెట్టగా, పిల్లలు వాటివైపు మళ్లారు. అయినా కొనుగోలు వయసును 21కి పెంచడం వంటి చర్యలు కొనసాగాక, 2024లో హైస్కూలు వాడకం 7.8 శాతానికి దిగింది. పూర్తి నిషేధం లేకుండానే ఇంత తగ్గుదల సాధ్యమైందని ఒప్పుకోవాలి.

ఆలోచన పరంగా నాకు అన్నిటికన్నా సమంజసంగా తోచేది ఆస్ట్రేలియా దారి. పుదీనా, మెంథాల్, పొగాకు తప్ప వేరే రుచి లేదు, షోకేసు లేదు, కొనేముందు ఫార్మసిస్టుతో మాట్లాడాలి. దొంగచాటు వ్యాపారం మాత్రం అక్కడా పెద్ద సమస్యే. ఆ పద్ధతిని మన దగ్గరకు తెస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు: డాక్టరు చీటీ లేకుండా యాంటీబయోటిక్‌లు ఇచ్చే మందుల షాపులున్న ఊళ్లలో, నికోటిన్ ఒక్కటే అన్నీ అడిగి, మాట్లాడి ఇస్తారని నమ్మలేను.

అందుచేత మనకు నిషేధమే మేలని నా నిర్ణయం. ఇందుకు మరో బలమైన కారణం కాలం. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుండగా, ఈ-సిగరెట్ వాడేవారు 0.02 శాతమే, వేరూనకముందే పీకడం తేలిక. అయితే ఈ నిర్ణయానికి మూల్యముంది. చాటుగా అమ్మే సరుకులో ఏముందో పరీక్షించే నాథుడుండడు. 2019-20లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయిన ఉదంతంలో, ప్రధానంగా దొంగచాటు గంజాయి క్యాట్రిడ్జ్‌లలో కలిపిన విటమిన్-ఇ అసిటేట్ అనే నూనె వంటి పదార్థం దోషిగా తేలింది. పైగా వేప్‌ను నిషేధించిన దేశంలోనే, అంతకన్నా హానికరమైన సిగరెట్ పాన్ షాపులో లూజుగా, ఒక్కొక్కటిగా దొరుకుతోంది.

బ్రిటన్‌కు చదువుకు వెళ్లే మన పిల్లలు, నిషేధమున్న నేల నుంచి వీధి మలుపు దుకాణంలో చాక్లెట్ల పక్కనే వేప్‌లు అమ్మే నేలకు చేరుతున్నారు. పొగతాగనివారు వేపింగ్ మొదలుపెట్టవద్దని అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ కూడా చెబుతున్నదని వారికి బయలుదేరే ముందే తెలియాలి. ఇక్కడే ఉండి సిగరెట్ మానాలనుకునే యువకుడికి వేప్ అవసరం లేదు: 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది, పొగాకు మానడానికి సలహాలిచ్చే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరును ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీదా రాయించడానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు.