బెంగళూరులో పేపర్ ఇంజనీరింగ్ కిట్ కొనబోతున్నారా? ముందు పెట్టె తెరిపించి చూడండి

వేసవి సెలవులు రాగానే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఆదివారం స్టాళ్లు మొదలవుతాయి కదా. ఈసారి వాటిలో పిల్లల పేపర్ ఇంజనీరింగ్ కిట్ ఒకటి, అంటే కాగితం కత్తిరించి అతికించి వంతెనలు, టవర్లు కట్టే ఆటపెట్టె, తెగ తిరుగుతోంది. మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్లు చాలామంది తీసుకున్నారు, మేమూ తీసుకున్నాం. ధర 1,499 రూపాయలు. మీ దగ్గరకొస్తే అక్కడికక్కడే పెట్టె తెరిచి చూపించమనండి. సీలు తీయం అంటే డబ్బులివ్వకండి.

పెట్టె మీద ఉన్న మాటలు ఇవీ: 25 మోడళ్లు, 250 జీఎస్ఎం అట్ట, కిలో బరువు మోసే వంతెన. పైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటో. ఆయన్ను చూడగానే కన్నడిగులూ మనమూ ఒకేసారి జేబులో చెయ్యి పెడతామని ఆ స్టాలు వాళ్లకు బాగా తెలుసు. లోపల ఉన్నవి మాత్రం 20 ఏ4 కాగితాలు, ఒక చిన్న జిగురు ట్యూబు, ఒక క్యూఆర్ కోడ్. కాగితాల మీద ముద్రించినవి అయిదే మోడళ్లు. మిగతా ఇరవై కావాలంటే కోడ్ స్కాన్ చేసి, యాప్ వేసుకుని, మనమే ప్రింట్ తీసుకోవాలట.

చేత్తో పట్టుకోగానే కాగితం మీద అనుమానం వచ్చింది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. పదహారు ఏ4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి నిజంగా 250 జీఎస్ఎం అయితే 20 షీట్లు 312 గ్రాముల దాకా తూగాలి. వంటింటి కాటా మీద పెడితే 104 చూపించింది. అంటే మామూలు జిరాక్స్ పేపరే, పైన రంగులు అద్దారంతే. మీరు ఇప్పటికే కొని ఉంటే కత్తిరించక ముందే తూచి ఫొటో తీసి పెట్టుకోండి, కంప్లైంట్‌కు పనికొస్తుంది.

మా పాప మొదట వంతెన మొదలుపెట్టింది. గీత మీద గీత తప్పకుండా కత్తిరించింది, అతికించింది. రెండు పుస్తకాల మధ్య పెట్టి దాని మీద ఒక పెన్సిల్ డబ్బా ఉంచగానే నడుము విరిగి కింద పడింది. "అమ్మా, నేను సరిగ్గా కట్ చేయలేదా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది అక్కడే. డబ్బు పోతే పోయింది, తప్పు తనదే అనుకుంటోంది పిల్ల.

తప్పు డిజైన్‌లో ఉంది. వంతెన పైభాగాన్ని ఒట్టి బల్లపరుపు కాగితంగా ఇచ్చారు, మడతలే లేవు. స్కేలును పడుకోబెట్టి వంచితే ఇట్టే వంగుతుంది, నిలువుగా పట్టుకుంటే వంగదు. అదే కాగితాన్ని విసనకర్రలా మడిస్తే ప్రతి మడతా నిలబెట్టిన స్కేలే. పిల్లలు ఈ ఆటలో నేర్చుకోవలసిన అసలు పాఠం అదే, అదే లేదు. పైగా కాగితంలో పీచు ఎక్కువగా ఒక దిక్కుగా ఉంటుంది. పీచు వెంట మడిస్తే మడత శుభ్రంగా పడుతుంది, అడ్డంగా మడిస్తే గరుకుగా వంకరపోతుంది. వీళ్లు పట్టీలన్నీ అడ్డంగా ముద్రించారు. టవర్ మోడల్ కూడా అంతే, ఉత్త చతురస్రాలు. వేలు తగిలితే పక్కకు ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకు ఒక్కో పట్టీ అతికించి త్రిభుజాలు చేశాక గాని నిలబడలేదు.

మెట్రోలో చిక్‌పేట దిగి అవెన్యూ రోడ్డుకు వెళ్తే మందపాటి అట్టలు, చార్ట్‌లు విడిగా దొరుకుతాయి. ఒక ఫెవికాల్, ఒక స్కేలు, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ ఉంటే చాలు. ఆ పెన్నుతో గట్టిగా గీత గీసి మడిస్తే మడత ఎక్కడికీ పోదు. మామూలు ఏ4 కాగితాన్నే గొట్టంలా చుట్టి అతికించి, అలాంటి నాలుగింటిని నిలబెట్టి పైన అట్ట ముక్క పెట్టండి. పుస్తకాలు ఒక్కొక్కటే పేర్చమనండి. తర్వాత చదరపు గొట్టాలతో అదే చేయించండి. గుండ్రటిది ఎందుకు ఎక్కువ మోస్తుందో పిల్లలే వెతుక్కుంటారు. బరువు అన్ని వైపులా సమంగా పడటమే కారణం.

ఇక యాప్ సంగతి, దీని గురించి టెన్షన్ పడాల్సిందే. ట్రయల్‌కు ఒక్క రూపాయి అంటుంది. మీరు యూపీఐ పిన్ కొట్టేది ఆ రూపాయికి మాత్రమే కాదు, నెలకు 299 చొప్పున దానంతటదే కట్ అయ్యే ఆటోపేకు కూడా. ఆ సంగతి కింద సన్నటి అక్షరాల్లో ఉంది. మా కింది ఫ్లాట్ వాళ్లకు రెండో నెల డబ్బులు కట్ అయ్యాక గాని తెలియలేదు. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. వచ్చే ఉంటుంది, ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో ఎవరు చూస్తారు? యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటుకెళ్లి దాన్ని రద్దు చేయాలి.

వాపసు అడిగితే తెరిచిన పెట్టె తీసుకోం అన్నారు. బిల్లు మీద వాట్సాప్ నంబరు తప్ప ఇంకేం లేదు. పెట్టె మీద తయారీదారు చిరునామా లేదు, తయారైన నెల, సంవత్సరం లేవు, ఐఎస్ఐ గుర్తూ లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకుకు చిరునామా, తయారైన నెల, సంవత్సరం 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం తప్పనిసరి. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు ఉండాలి. గుర్తు కనిపిస్తే దాని దగ్గరున్న లైసెన్స్ నంబరును, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం, తెలుగులోనే మాట్లాడొచ్చు. కంప్లైంట్ నంబరు వచ్చింది, ఇంకా ఏమీ తేలలేదు. మీరూ కొని ఉంటే విడిగా ఒక కంప్లైంట్ పెట్టండి, ఒకే స్టాలు మీద నాలుగు పడితే బరువు వేరు. బిల్లు, పెట్టె, తూకం ఫొటో పారేయకండి.

వచ్చే ఆదివారం హోరమావు వైపు వీళ్లే స్టాలు పెడుతున్నట్టు పోస్టర్ కనిపించింది. పచ్చ రంగు పెట్టె, మూత మీద విశ్వేశ్వరయ్య గారి ఫొటో పక్కనే ఎర్ర వంతెన బొమ్మ. ఆ వైపు మీ వాళ్లుంటే చెప్పండి.