జర్మనీలో ఒకటి రెండు సెమిస్టర్లకు బస: విద్యార్థి హాస్టలా, డబ్ల్యూజీ గదా, తెలుగువాళ్ల ఫ్లాటా?

ఎక్స్ఛేంజ్ ఒప్పందం కింద ఒక సెమిస్టరుకో, రెండు సెమిస్టర్లకో జర్మనీ వెళ్లే తెలుగు విద్యార్థికి బస విషయంలో సాధారణంగా మూడు దారులు ఉంటాయి. మొదటిది ష్టూడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సంక్షేమ సంస్థ నడిపే హాస్టల్ గది. రెండవది డబ్ల్యూజీ, అంటే ఇద్దరు ముగ్గురో, నలుగురైదుగురో ఒకే ఫ్లాట్‌లో తలా ఒక గది తీసుకుని వంటిల్లు, స్నానాల గది పంచుకునే ఉమ్మడి ఇల్లు. మూడవది అక్కడ అప్పటికే మాస్టర్స్ చదువుతున్న మనవాళ్ల ఫ్లాట్‌లో ఒక చోటు. వీటిని పోల్చేటప్పుడు చాలామంది మొదట అద్దెనే చూస్తారు. రెండేళ్ల డిగ్రీకి వెళ్లేవారి విషయంలో అది సరైన కొలతే కావచ్చు. అయిదారు నెలల్లో తిరిగి వచ్చేవారు మాత్రం అద్దెకన్నా ముందు రెండు సంగతులు చూసుకోవాలి: ఆ చిరునామా మీద నగర కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం కుదురుతుందా, అద్దె ఒప్పందం మన సెమిస్టరు తేదీలతో సరిపోతుందా. ఈ రెండూ కుదరని గది నెలకు వంద యూరోలు చవకగా దొరికినా తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అన్‌మెల్డుంగ్ ఎక్కడ సులభం?

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఆ నగరపు నమోదు కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలని చట్టం చెబుతోంది. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. ఇందుకు పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. ఇల్లు ఇచ్చినవారు ఫలానా తేదీన ఈ వ్యక్తి మా ఇంట్లో చేరారని సంతకం చేసిన ధ్రువపత్రం కూడా కావాలి. అద్దె ఒప్పందం కాగితం ఆ పత్రానికి బదులు కాదు. తక్కిన పనులు ఈ నమోదు మీదే ఆధారపడి ఉంటాయి. పన్ను గుర్తింపు సంఖ్య ఆ చిరునామాకే ఉత్తరంగా వస్తుంది, నివాస అనుమతి కోసం విదేశీయుల కార్యాలయం అడిగే పత్రాల్లో ఇదీ ఒకటి, ఖాతా తెరవడానికి చాలా బ్యాంకులు దీన్నే చూపమంటాయి. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఖర్చులకు డబ్బుందని వీసా కోసం చూపే ప్రత్యేక ఖాతాలో, వేసిన సొమ్ము నెలనెలా విడుదల కావాలంటే మామూలు ఖాతా ఉండాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ సొమ్ము ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. నమోదు నెల రోజులు ఆలస్యమైతే ఈ వరుస మొత్తం నెల రోజులు వెనక్కి పోతుంది. ఒకే సెమిస్టరుకు వచ్చినవారికి ఆ నెల చాలా విలువైనది.

ఈ విషయంలో హాస్టల్‌దే పైచేయి. ష్టూడీరెండెన్‌వెర్క్ ఏటా వేలమంది విద్యార్థులకు ఇచ్చే పత్రమే కాబట్టి, గది తాళాలతో పాటే దాన్ని చేతికిచ్చే హాస్టళ్లు చాలా ఉన్నాయి. డబ్ల్యూజీలో ఇది ఒప్పందాన్ని బట్టి మారుతుంది. ఇంటి యజమానితో నేరుగా ఒప్పందం ఉంటే ఆయనే సంతకం చేస్తాడు. అసలు అద్దెదారు తన గదిని మనకు కొన్ని నెలలకు ఇస్తున్నట్లయితే ఆ అద్దెదారు కూడా పత్రం ఇవ్వవచ్చు, అయితే అలా ఇవ్వడానికి యజమాని అనుమతి ఉందా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అనుమతి లేని చోట పత్రం ఇవ్వడానికి వెనకాడతారు, బయటపడితే ఇద్దరికీ ఇబ్బందే. ప్రకటనలోనే నమోదు కుదరదని రాసి ఉన్న గదులను ఎక్స్ఛేంజ్ విద్యార్థి చూడనే అక్కరలేదు.

మనవాళ్ల ఫ్లాట్‌లో అసలు చిక్కు వచ్చేది ఇక్కడే. ఇద్దరి పేరు మీద తీసుకున్న ఫ్లాట్‌లో అయిదుగురు ఉంటున్నప్పుడు మూడవ వ్యక్తికి పత్రం ఇవ్వడం యజమానికి తెలియకుండా జరిగే పని కాదు. అందుకని కొందరు ‘నువ్వు ఇక్కడ ఉండు, నమోదు మాత్రం ఇంకో స్నేహితుడి చిరునామా మీద చేయించుకో’ అని మంచి మనసుతోనే సలహా ఇస్తారు. ఆ సలహాను ఎంత మాత్రమూ పాటించకూడదు. నిజంగా నివసించని చోటును చిరునామాగా ఇవ్వడం అక్కడి నమోదు చట్టం నిషేధించిన పని. అలా తమ చిరునామాను వేరొకరికి వాడుకోనిచ్చినవారికి 50,000 యూరోల వరకు జరిమానా విధించే వీలుంది. సాయం చేయబోయిన స్నేహితుణ్ణే చిక్కుల్లోకి నెట్టినవాళ్లమవుతాం.

ఏ బస అయినా, చేరిన రోజే ఉత్తరాల పెట్టె మీద మన పేరు అతికించాలి. అక్కడ తపాలా మనిషి గది సంఖ్య చూసి ఉత్తరం వేయడు, పెట్టె మీది పేరు చూసి వేస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మన ఇంటిపేరు, పేరు తారుమారయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి పాస్‌పోర్టులో ఉన్న రెండు భాగాలూ రాయడం మేలు.

తేదీలు

శీతాకాల సెమిస్టరు కాగితాల మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు ఉన్నా, చాలా విశ్వవిద్యాలయాల్లో తరగతులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యకల్లా ముగుస్తాయి. వేసవి సెమిస్టరు ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఉంటుంది, దాని తరగతులు జులైతో అయిపోతాయి. హాస్టల్ ఒప్పందాలు చాలాచోట్ల సెమిస్టరు చివరి తేదీ దాకా నడుస్తాయి. అంటే ఫిబ్రవరి ఆఖరుకు విమానం ఎక్కినా మార్చి అద్దె కట్టవలసి వస్తుంది. నిర్ణీత గడువు గల ఒప్పందాన్ని మధ్యలో రద్దు చేసుకునే హక్కు మామూలుగా ఉండదు. మాన్‌హైమ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల సెమిస్టర్లు ఈ క్యాలెండరుకు ముందే మొదలవుతాయి కాబట్టి అక్కడికి వెళ్లేవారు విశ్వవిద్యాలయం పంపిన తేదీలనే చూడాలి.

ఈ ఒక్క విషయంలో డబ్ల్యూజీ మెరుగు. మనం జర్మనీ వెళ్లే సమయంలోనే జర్మన్ విద్యార్థులు కూడా ఎక్స్ఛేంజ్ మీద స్పెయిన్‌కో, స్వీడన్‌కో వెళుతుంటారు, వెళుతూ తమ గదిని సామాన్లతో సహా ఆ కొద్ది నెలలకు అద్దెకిస్తారు. దీన్ని త్స్విషన్‌మీటె అంటారు. మంచం, బల్ల, అలమర అన్నీ ఉన్న గది, మనకు కావలసిన తేదీలకే, పెద్ద ముందస్తు ఖర్చు లేకుండా దొరుకుతుంది. తేదీల లెక్కన ఒక సెమిస్టరుకు వెళ్లేవారికి ఇంతకన్నా అతికినట్లు సరిపోయే ఏర్పాటు మరొకటి లేదు, దొరికితే. దానికి భిన్నంగా గడువు లేని మామూలు ఒప్పందం మీద సంతకం చేస్తే, ఖాళీ చేయడానికి మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ నిబంధన చదవకుండా సంతకం పెట్టినవారు చదువుకు సగంలో ఉండగానే ఖాళీ నోటీసు రాసుకోవలసి వస్తుంది.

అద్దె, దాని వెనకాల వచ్చేవి

హాస్టల్ గది అద్దె ఊరిని బట్టి సుమారు 250 నుంచి 400 యూరోల మధ్య ఉంటుంది. డబ్ల్యూజీ గది కెమ్నిట్స్ వంటి తూర్పు నగరాల్లో 300 చుట్టుపక్కల దొరికితే, మ్యూనిక్‌లో 800 దరిదాపుల్లో ఉంటుంది. నెలకు 992 యూరోలతో బతకవలసిన విద్యార్థికి మ్యూనిక్‌లో డబ్ల్యూజీ అంటే తిండికీ, ఆరోగ్య బీమాకీ కలిపి రెండు వందలు కూడా మిగలవు. అందుకే మ్యూనిక్ వెళ్లేవారికి ఏది మేలు అన్న ప్రశ్నే లేదు, హాస్టల్ కోసం చివరిదాకా ప్రయత్నించవలసిందే. 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన క్రీడాకారుల గ్రామంలో ఒక భాగం అక్కడ నేటికీ విద్యార్థుల నివాసంగా ఉంది. మామూలు విద్యార్థులు అలాంటి చోట్లకు చాలాకాలం వేచి ఉండవలసి వస్తుంది. అయితే అనేక విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ విభాగాలు ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కోసం కొన్ని హాస్టల్ గదులను విడిగా ఉంచుతాయి. ఆ కోటాకు దరఖాస్తు గడువు ప్రవేశ పత్రాల గడువుకన్నా ముందే ముగిసిపోవచ్చు. మన విశ్వవిద్యాలయం ఎక్స్ఛేంజ్‌కు మన పేరు ప్రతిపాదించిందని తెలిపే నామినేషన్ ఈమెయిల్ వచ్చిన రోజే బస గడువు ఎప్పుడని అడగడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా లాభసాటి పని.

అద్దె అంకెలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. హాస్టల్ అద్దెలో సాధారణంగా వేడి, నీరు, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ కలిసి ఉంటాయి. డబ్ల్యూజీ ప్రకటనలో కనిపించేది గది అద్దె మాత్రమేనా, హీటింగ్ ఖర్చులు కలిపినదా అన్నది అడగాలి. కలిపినదే అయినా, ఏడాది చివర లెక్క చూసి చలికాలంలో ఎక్కువ వాడారంటూ అదనంగా అడగవచ్చు. ప్రసార రుసుము కూడా ఉంది. టీవీ ఉన్నా లేకున్నా ప్రతి నివాసానికీ నెలకు 18.36 యూరోలు కట్టాలి. డబ్ల్యూజీ అంతటికీ ఒకే రుసుము కాబట్టి నలుగురుంటే నాలుగో వంతే మన వంతు. హాస్టల్‌లో అందరూ నడిచే వసారాలోకి తెరుచుకునే గది అయితే దాన్ని విడి నివాసంగానే లెక్కిస్తారు, మొత్తం రుసుము ఒక్కరే కట్టాలి.

మోసాల సంగతి డబ్ల్యూజీ వెతికేవారే ఎక్కువగా పట్టించుకోవాలి. తాను విదేశంలో ఉన్నాననీ, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో పంపుతాననీ చెప్పే యజమాని దాదాపు ఎప్పుడూ మోసగాడే. నగరం నడిబొడ్డున పెద్ద గది, అనుమానం కలిగించేంత తక్కువ అద్దె, అందమైన ఫొటోలు: ఈ మూడూ కలిసి కనిపిస్తే అక్కడే ఆగాలి. హైదరాబాదు నుంచి గదిని స్వయంగా చూడలేం గనుక, ప్రస్తుతం ఆ ఇంట్లో ఉంటున్నవారితో వీడియో కాల్‌లో మాట్లాడి, ఒప్పందం చదివి, ఆ తర్వాతే డబ్బు పంపాలి. అంతకుముందు పాస్‌పోర్టు నకలు కూడా ఇవ్వకూడదు.

రోజువారీ జీవితం

డబ్ల్యూజీలో గది ఇవ్వడానికి ముందు ఆ ఇంటివాళ్లు మనతో అరగంట మాట్లాడి, నచ్చితేనే పిలుస్తారు. ఇందులో మనవాళ్లు వెనకబడటానికి కారణం జర్మన్ రాకపోవడం ఒక్కటే కాదు. ఒకే సందేశాన్ని వంద మందికీ పంపడం మరో కారణం. ఆ ఇంటి ప్రకటన చదివి, అందులోని రెండు విషయాలకు జవాబుగా నాలుగు వాక్యాలు రాసినవారికి పిలుపు వచ్చే అవకాశం ఎక్కువ. శాకాహారులు ఆ సంగతి అప్పుడే చెప్పాలి. పెనం, గిన్నెలు అందరూ వాడే వంటింట్లో పంది మాంసం, గొడ్డు మాంసం వండటం అక్కడ మామూలు విషయం. విడి గిన్నెలు పెట్టుకుంటానని ముందే అంటే ఎవరూ తప్పుపట్టరు, చేరాక గొడవగా మారితే మాత్రం అందరికీ కష్టం. ఇక ఇల్లు శుభ్రం చేసే వంతుల పట్టిక, చెత్తను రకాలుగా విడదీయడం, రాత్రి పది దాటాకా ఆదివారాల్లోనూ శబ్దం చేయకపోవడం, ఇవన్నీ అక్కడివాళ్ల మధ్య ఉంటే నెల రోజుల్లో అలవాటవుతాయి. భాష కూడా అంతే. రెండు సెమిస్టర్లు ఉండేవారికి డబ్ల్యూజీ ఇచ్చే జర్మన్, తరగతి గది ఇవ్వలేదు.

హాస్టల్‌లో స్నేహాలు త్వరగా కలుస్తాయి, అయితే అవి ఎక్కువగా తక్కిన ఎక్స్ఛేంజ్ విద్యార్థులతో, ఇంగ్లీషులోనే. వంటిల్లు పది మందిది కావచ్చు. ఇక్కడ మన తాలింపు గురించి ఒక మాట తప్పనిసరి. ఎండుమిర్చి పొగకు అలారం మోగితే, కొన్ని భవనాల్లో అది నేరుగా అగ్నిమాపక దళానికి చేరుతుంది, వాళ్లు వచ్చిన ఖర్చు మన మీద పడవచ్చు. పొగ పెరిగినప్పుడు కిటికీ తెరవాలి గానీ వసారా వైపు తలుపు తెరవకూడదు. అలారం పరికరాలు ఎక్కువగా ఉండేది వసారాలోనే.

తెలుగువాళ్ల ఫ్లాట్ మొదటి పది పదిహేను రోజులకు నిజంగా గొప్ప అండ. సిమ్ కార్డు ఎక్కడ కొనాలో, ఏ దుకాణంలో కందిపప్పు దొరుకుతుందో, ఏ కార్యాలయంలో అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ వెబ్‌సైటూ చెప్పదు. హాస్టల్ తాళాలు ఇచ్చే కేర్‌టేకర్ శని, ఆదివారాల్లో సాధారణంగా ఉండడు కాబట్టి శుక్రవారం రాత్రి దిగినవారికి సోమవారం దాకా తలదాచుకునే చోటూ వాళ్లదే. మొత్తం సెమిస్టరు అక్కడే గడపడాన్ని మాత్రం నేను సిఫారసు చేయను, మన పేరు ఒప్పందంలో ఉండి, విడి గది ఉంటే తప్ప. అయిదు నెలల కోసం ఇంత దూరం వెళ్లి, ఆ అయిదు నెలలూ తెలుగులోనే మాట్లాడుకుంటూ గడిపితే ఎక్స్ఛేంజ్ ఎందుకు వెళ్లినట్లు?

కనుక నేను ఇచ్చే క్రమం ఇది. ఒక సెమిస్టరుకు వెళ్లేవారు మొదట హాస్టల్ కోటాకు, దానితో పాటే త్స్విషన్‌మీటె గదులకు ప్రయత్నించాలి. రెండూ దొరికితే హాస్టల్ తీసుకోవాలి. ఏడాదికి వెళ్లేవారు, జర్మన్ ఓ మాదిరిగా వచ్చినవారు, లైప్సిగ్, కెమ్నిట్స్ వంటి అద్దె అందుబాటులో ఉన్న నగరాలకు వెళ్లేవారు డబ్ల్యూజీనే ముందు చూడవచ్చు.

ఎక్కడున్నా తిరుగు ప్రయాణం పనులు చేరిన రోజు నుంచే మొదలవుతాయి. గోడ మీది గీతలు, కిటికీ మూల బూజు మరకలు ఫొటోలు తీసి అప్పగింత పత్రంలో రాయించాలి. చలికాలంలో రోజుకు రెండు మూడుసార్లు కిటికీ పూర్తిగా తెరిచి గాలి మార్చకపోతే బూజు పట్టి, ఆ ఖర్చు డిపాజిట్‌లో కోత పడుతుంది. చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల మూల అద్దెకు (హీటింగ్ వంటి ఖర్చులు కలపని అద్దెకు) మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. తిరిగి ఇచ్చేది మాత్రం ఖాళీ చేసిన కొన్ని వారాల తర్వాతే, కొన్నిసార్లు నెలల తర్వాత. అందుకని జర్మన్ బ్యాంకు ఖాతాను విమానం ఎక్కే ముందే మూసేయకూడదు. చిరునామా రద్దును బయలుదేరడానికి వారం ముందు నుంచి చేయించుకోవచ్చు, ఆ కాగితం నకలు జతచేసి ప్రసార రుసుము రద్దుకు విడిగా రాయాలి.