బరంపురం గరాజులో డ్రాగ్ రేసుకు సిద్ధమైన నా స్విఫ్ట్

ఒడిశాలోని బరంపురంలో 16వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఒక చిన్న గరాజులో, నేను రోజూ ఆఫీసుకు తీసుకువెళ్లే స్విఫ్ట్‌ను మొదటి డ్రాగ్ రేసుకు, అంటే తిన్నని దారిలో ఎవరు ముందు చేరతారో చూసే పందానికి, సిద్ధం చేయించాను. పావు మైలు, అంటే 402 మీటర్ల పరుగే కదా అని ఇంజను శక్తి పెంచమని అడిగితే, మేస్త్రిగారు ఒప్పుకోక, మొదట బ్రేకులు, టైర్లు, ఇంజనును చల్లబరిచే కూలెంట్ గొట్టాలు చూద్దామన్నారు. ఆ మాటతోనే నాకు గురి కుదిరింది. చక్రాల నట్లను, కొలిచిన బలంతో బిగించే టార్క్ రెంచితో బిగించి, ఒక్కో నట్టు మీదుగా చక్రం దాకా పసుపు పెయింటుతో గీత గీశారు. నట్టు కాస్త తిరిగినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. ముందు చక్రాలే లాగే కారు కాబట్టి పట్టు కోసం ముందు టైర్లలో గాలిని కొద్దిగా మాత్రమే తగ్గించి, అంతకు మించితే వేగంలో నిలకడ పోతుందని తెలుగులోనే ఓపికగా వివరించారు. స్టెప్నీ, జాకీ, వాటితోపాటు డిక్కీలో మా అమ్మ మరచిపోయిన కొబ్బరికాయల సంచీ దింపించారు.

అయితే బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే క్లాంపును బిగించకుండా వదిలేశారు. ఇంటికొచ్చి చేత్తో కదిపితే బయటపడింది. రేసుకు ముందు తనిఖీలో ఇది దొరికితే కారును ట్రాక్ మీదికి రానివ్వరు. మరునాడు డబ్బు తీసుకోకుండానే సరిచేశారు గానీ, ఒడియా చేతిరాత బిల్లులో బ్రేక్ ఆయిల్ ధర ఎంత వేశారో నేను ఇప్పటికీ చదవలేకపోతున్నాను.